పోకర్ టోర్నమెంట్లలో దీర్ఘకాలిక లాభం: అనంతపురం పీఠభూమి నేపథ్యంలో

ఆటగాళ్లందరూ ఒకే ప్రవేశ రుసుము కట్టి, సమానంగా చిప్స్ తీసుకుని, చిప్స్ అయిపోయినవాళ్లు ఒక్కొక్కరే బల్ల దగ్గర్నుంచి లేచిపోతుండగా చివరికి ఒక్కరు మిగిలేదాకా ఆడే పేకాట పోటీని పోకర్ టోర్నమెంటు అంటారు. పోగైన సొమ్ములోంచి నిర్వాహకుడి వాటా తీసేసి, మిగిలినదాన్ని చివరిదాకా నిలిచిన కొద్దిమందికి స్థానాల ప్రకారం పంచుతారు. ఈ పోటీలు ఆడుతూ ఏళ్ల తరబడి లాభంలో ఉండడం సాధ్యమా అన్న ప్రశ్నకు అవుననీ కాదనీ కూడా జవాబులున్నాయి. గణితం ప్రకారం సాధ్యమే. అయితే ఆ గణితంలో ‘దీర్ఘకాలం’ అనే మాటకు కచ్చితమైన పొడవు ఉంది. దాన్ని లెక్కగట్టి చూస్తే, నిర్వాహకుడి కోత, పన్ను, చట్టం, చేతిలో ఉండాల్సిన మూలధనం కలిసి ఆ అవకాశాన్ని అతి కొద్దిమందికే మిగులుస్తాయి. అనంతపురం లాంటి కరువు పీఠభూమిలో ఉన్నవాడికి అది దాదాపు మూసుకుపోయిన దారి.

పదాలు, పరిధి

పేకాట అనే ఒక్క మాట కింద తెలుగునాట చాలా ఆటలు నడుస్తాయి. పదమూడు ముక్కలతో ఆడే రమ్మీలో పడిపోయిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, వరుసలు కట్టడం ముఖ్యం. మూడు ముక్కలాట పోకర్‌కు దగ్గరి చుట్టం. చేతిలో ఏముందో దాచి పందెం పెంచడం, ఎదుటివాణ్ణి బెదరగొట్టి ముక్కలు పడేయించడం రెండింటిలోనూ ఉన్నాయి. లోపలా బయటా అని పిలిచే అందర్ బాహర్‌లో ఆటగాడు తేల్చేదేమీ లేదు. మట్కా అసలు పేకాటే కాదు, అంకెల పందెం. వీటన్నిటినీ జూదం అనే ఒకే గాటన కట్టడం వాడుకలో ఉన్నా, లాభనష్టాల చర్చలో ఆ కలగలుపు పనికిరాదు. మట్కాలో ఎంత కాలం ఆడినా ఆటగాడి సగటు నష్టమే, ఎందుకంటే చెల్లింపు నిష్పత్తిని నిర్వాహకుడే ముందుగా తనకు అనుకూలంగా పెట్టుకుంటాడు. పోకర్‌లో సొమ్ము ఆటగాళ్ల మధ్యే చేతులు మారుతుంది కాబట్టి, ఒకడి సగటు లాభం కావడానికి కనీసం సూత్రరీత్యా అడ్డు లేదు.

పోకర్‌లోనూ రెండు పద్ధతులున్నాయి. నగదు ఆటలో చిప్ విలువ ఎప్పుడూ దాని మీద రాసిన రూపాయలే, ఎప్పుడైనా లేచిపోవచ్చు. టోర్నమెంటులో చిప్స్‌ను సొమ్ముగా మార్చుకునే వీలు లేదు, స్థానాన్ని బట్టే బహుమతి. ఈ వ్యాసం రెండో దాని గురించి.

చరిత్ర

పోకర్ పందొమ్మిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికాలో మిసిసిపి నది పొడవునా, న్యూ ఓర్లీన్స్ కేంద్రంగా వ్యాపించింది. నేటి టోర్నమెంట్లలో ఎక్కువగా ఆడే హోల్డెమ్ రకం టెక్సస్‌లో పుట్టిందని చెబుతారు. టోర్నమెంటు రూపం చాలా కొత్తది. లాస్ వేగస్‌లో కాసినో యజమాని బెన్నీ బినియన్ 1970లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌ను మొదలుపెట్టాడు. దాని ప్రధాన పోటీకి ప్రవేశ రుసుము కొద్ది ఏళ్లలోనే 10,000 డాలర్లకు చేరి అక్కడే నిలిచిపోయింది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు, వంద డాలర్లకు లోపు ఖర్చుతో ఆన్‌లైన్ అర్హత పోటీ గెలిచి, 839 మంది పాల్గొన్న ప్రధాన పోటీలో 25 లక్షల డాలర్లు కొట్టాడు. మరో మూడేళ్లకు పాల్గొన్నవారి సంఖ్య 8,773కు, 2024లో 10,112కు పెరిగింది. ఇంటిపేరే ‘డబ్బు చేసేవాడు’ అని అర్థం వచ్చే ఆ మనిషి కథ, ఎవడైనా గెలవగలడన్న నమ్మకాన్ని ప్రపంచమంతా చల్లింది. అదే పోటీలో రుసుము పోగొట్టుకుని ఇంటికెళ్లిన దాదాపు ఎనిమిది వందల మంది కథలు మాత్రం ఎవరూ చెప్పుకోలేదు.

భారతదేశంలో పోకర్ గోవా కాసినోల ద్వారా, ఆ తర్వాత బెంగళూరు క్లబ్బుల ద్వారా, 2010 దశకంలో ఆన్‌లైన్ వేదికల ద్వారా పెరిగింది. తెలుగు జిల్లాల్లో దాని స్థానాన్ని చాలాకాలంగా రమ్మీ ఆక్రమించి ఉంది. కోర్టు తీర్పులైనా, నిషేధాలైనా ఇక్కడ మొదట రమ్మీ చుట్టూనే నడిచి, పోకర్ వాటి వెనక నడిచింది.

ఆట నడిచే తీరు

హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు, బల్ల మీద అయిదు ముక్కలు విడతలవారీగా తెరుస్తారు. మొత్తం ఏడింటిలో మేలైన అయిదే చేతి విలువ. ప్రతి పంపకానికీ ఇద్దరు ఆటగాళ్లు తప్పనిసరిగా పెట్టే పందేలను బ్లైండ్స్ అంటారు. టోర్నమెంటులో ఇవి నిర్ణీత సమయానికి ఒకసారి పెరుగుతూ పోతాయి. మంచి ముక్కలొచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చునేవాడి చిప్స్‌ను ఆ పెరుగుదలే తినేస్తుంది. అందుకే నిపుణుడు సైతం పోటీ చివరి దశలో కొన్ని సార్లయినా ఉన్నదంతా ఒక్క పంపకం మీద పెట్టక తప్పదు. అక్కడ అరవై పాళ్లు తనవైపు ఉన్నా నలభై పాళ్లు అవతలివైపు ఉంటాయి.

చిప్ విలువ సరళరేఖలో పెరగదన్నది రెండో విశేషం. చిప్స్ అన్నీ గెలుచుకున్నవాడికి కూడా బహుమతి సొమ్ములో పావు వంతో, మూడో వంతో వస్తుంది తప్ప అంతా రాదు. కాబట్టి కొత్తగా గెలిచే చిప్ విలువ, పోగొట్టుకునే చిప్ విలువ కన్నా తక్కువ. దీన్ని అంచనా కట్టే సూత్రాలు తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య తేడా ఎక్కువగా కనిపించేది బహుమతి స్థానాలు దగ్గరపడిన ఘట్టంలోనే.

లాభం లెక్క

ఒక ఊహాత్మక పోటీ తీసుకుందాం. నూరుగురు ఆటగాళ్లు, తలా 1,000 రూపాయలు బహుమతి నిధికి, 100 రూపాయలు నిర్వాహకుడికి. ఈ నూరునే రేక్ అంటారు. నిధి లక్ష రూపాయలు. మొదటి స్థానానికి 27,000, తర్వాత వరసగా 17,000, 12,000, 9,000, 7,000, 5,500, 4,500, 3,500, 2,500, పదో స్థానం నుంచి పదిహేను దాకా తలా 2,000. మిగతా ఎనభై అయిదుగురికి ఏమీ రాదు. పోటీల్లో పదిహేను శాతం మందికి బహుమతులివ్వడం మామూలే.

అందరూ సమాన ప్రతిభావంతులైతే ఒక్కొక్కరి సగటు రాబడి 1,000, ఖర్చు 1,100. అంటే సగటు ఆటగాడు ప్రతి పోటీకీ నూరు రూపాయలు నష్టపోతాడు. నష్టం లేకుండా బయటపడడానికే పక్కవాళ్ల కన్నా పది శాతం మెరుగ్గా ఆడాలి. ఇప్పుడు ప్రతి బహుమతి స్థానానికీ సగటు మనిషి కన్నా పాతిక శాతం ఎక్కువ అవకాశం ఉన్న నిపుణుణ్ణి ఊహిద్దాం. అతని సగటు రాబడి 1,250, పోటీకి నికర లాభం 150 రూపాయలు, పెట్టుబడి మీద పదమూడున్నర శాతం పైన. చూడ్డానికి మంచి వ్యాపారమే. కానీ ఇతగాడు కూడా నూరు పోటీల్లో ఎనభై ఒక్కసారి ఉత్త చేతులతోనే లేస్తాడు. అతని లాభమంతా మొదటి మూడు నాలుగు స్థానాలు దక్కిన అరుదైన రాత్రుల మీద నిలబడి ఉంటుంది.

ఆటలో నైపుణ్యమే లేదని వాదించేవారికి దీటైన జవాబు ఉంది. ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ 2010 వరల్డ్ సిరీస్ ఫలితాలను పరిశీలించారు. పోటీలకు ముందే నిపుణులుగా గుర్తించిన 720 మంది పెట్టుబడి మీద సగటున 30 శాతానికి పైగా లాభం పొందారు, మిగతావారు సగటున 15 శాతం నష్టపోయారు. నైపుణ్యం లేని ఆటలో ముందుగా ఎంచిన గుంపు ఇలా విడిపోదు. అయితే ఇది గుంపు సగటు. ప్రయాణం, బస, పన్ను లెక్కలోకి రాలేదు. పైగా ఆ పోటీలకు ఏటా కలల బేరానికి వచ్చే అనుభవం లేని వారు వేలల్లో ఉంటారు. అలాంటి బల్ల ఎక్కడపడితే అక్కడ దొరకదు.

‘దీర్ఘకాలం’ ఎంత పొడవు

పై నిపుణుడి ఫలితాలు సగటు చుట్టూ ఎంతగా చెదురుతాయో చెప్పే క్రమ విచలనం పోటీకి సుమారు 3,970 రూపాయలు. సగటు లాభం 150, ఊగిసలాట దానికి ఇరవై ఆరు రెట్లు. పోటీల సంఖ్య పెరిగేకొద్దీ లాభం ఆ సంఖ్యతో పాటు పెరుగుతుంది, ఊగిసలాట దాని వర్గమూలంతోనే పెరుగుతుంది. ఎప్పటికో ఒకప్పటికి లాభం ఊగిసలాటను దాటేస్తుందన్న మాట. ఆ ‘ఎప్పటికో’ ఎప్పుడన్నదే అసలు ప్రశ్న. నూరు పోటీల తర్వాత ఈ నిపుణుడు ఇంకా నష్టంలో ఉండే అవకాశం మూడో వంతుకు పైనే. అయిదు వందల పోటీల తర్వాత అయిదింట ఒక పాలు. వెయ్యి తర్వాత కూడా నూటికి పన్నెండు పాళ్లు. నష్టపు అవకాశం రెండు మూడు శాతానికి తగ్గాలంటే దాదాపు 2,800 పోటీలు ఆడాలి. వారానికి రెండు చొప్పున అది ఇరవై ఏడేళ్లు.

ఈ లెక్కను తిరగేస్తే ఇంకా ఇబ్బందికరమైన సంగతి బయటపడుతుంది. నైపుణ్యంలో ఎవరికన్నా మెరుగు కాని, పోటీకి నూరు రూపాయలు పోగొట్టుకునే సగటు ఆటగాడు కూడా నూరు పోటీల తర్వాత లాభంలో ఉండే అవకాశం సుమారు మూడో వంతు. నూరు పోటీలంటే వారానికి రెండు ఆడేవాడికి ఒక ఏడాది. అంటే ఏడాది చివర ఖాతా పుస్తకం తెరిచి చూసుకున్న ముగ్గురు నిపుణుల్లో ఒకడు తనకు ఆట రాదని, ముగ్గురు సామాన్యుల్లో ఒకడు తనకు బాగా వచ్చని అనుకోవడానికి ఆస్కారం ఉంది. మానేయాల్సినవాణ్ణి కొనసాగించేది, కొనసాగదగినవాణ్ణి మానిపించేది ఈ చెదురుబాటే.

ఇది కాగితం మీది భయం కాదనడానికి యంత్రాలతో జరిగిన పోటీలే సాక్ష్యం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన క్లాడికో అనే ప్రోగ్రాం 2015లో నలుగురు వృత్తి ఆటగాళ్లతో 80,000 పంపకాలు ఆడి ఓడింది. అయినా ఆ తేడా గణాంకపరంగా తేలలేదని పరిశోధకులన్నారు. 2017లో లిబ్రాటస్ 1,20,000 పంపకాలు ఆడి గెలిచాకే నైపుణ్యపు తేడా నిర్వివాదమైంది. అదృష్టం పాలు తగ్గించే జాగ్రత్తలు తీసుకున్న ప్రయోగంలోనే ఇన్ని పంపకాలు కావలసి వస్తే, మామూలు టోర్నమెంటు ఆటగాడి ఏడాది ఫలితం చెప్పగలిగేది చాలా తక్కువ.

ప్రచారంలో ఉన్న గెలుపు అంకెలు ఇక్కడే దారి తప్పిస్తాయి. పత్రికల్లో, జాబితాల్లో కనిపించేది బహుమతి మొత్తం. కట్టిన రుసుములు అందులో తీసివేసి ఉండవు. తన లెక్కలు బయటపెట్టే అలవాటున్న డానియల్ నెగ్రాను 2017లో దాదాపు 28 లక్షల డాలర్ల బహుమతులు గెలిచాడు. అయినా రుసుములు తీసేస్తే ఆ ఏడాది 80,000 డాలర్లకు పైగా నష్టపోయానని అతనే ప్రకటించాడు.

వర్షాధార సేద్యంతో పోలిక (చూ. వేరుశనగ, కరువు)

సగటును నమ్ముకుని బతకడమంటే ఏమిటో అనంతపురం పీఠభూమికి తెలిసినంతగా మరో చోటికి తెలిసి ఉండకపోవచ్చు. 2022 ఏప్రిల్‌లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయిన ఈ ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. పశ్చిమ కనుమల వానచాటున ఉండడంతో నైరుతి గాలులు ఇక్కడికి తడి కోల్పోయి చేరతాయి. ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఎనిమిది లక్షల హెక్టార్లకు అటూఇటూగా వేరుశనగ వేసేవారు, అత్యధిక భాగం వాన మీదే ఆధారపడి. పదును వాన పడితే విత్తాలి. అదును దాటితే దిగుబడి పడిపోతుంది. విత్తాక, ఊడలు దిగే వేళ మూడు వారాలు బెట్ట పడితే, తర్వాత ఎంత కురిసినా కాయ నిండదు. ఏడాది మొత్తం వర్షం సగటుకు సరిపోయినా పంట పోయిన సంవత్సరాలు అందుకే ఉన్నాయి.

పోకర్ టోర్నమెంటుకూ ఈ సేద్యానికీ పోలిక పైపైది కాదు, రెండింటి రాబడి ఆకారం ఒకటే. పెట్టుబడి ప్రతిసారీ ముందే పెట్టాలి, చాలాసార్లు అది కూడా తిరిగి రాదు, అరుదైన మంచి ఏడాది మిగతా ఏళ్ల లోటు పూడ్చాలి. రైతుకు జీవితకాలంలో దొరికే ఖరీఫ్‌లు నలభై. ఆ నలభైలో సగటు తేలుతుందన్న హామీ లేదు, తేలేలోగా అప్పు తీర్చమని తలుపు తట్టేవాడు ఆగడు. దీర్ఘకాలం అనేది కేవలం గణిత పదం కాదనీ, అందాకా నిలబడగలిగే స్తోమత కూడా అందులో భాగమేననీ ఈ నేల అనుభవం.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. వేరుశనగ చేలో గింజ పుడుతుంది. మంచి ఏడాది ఒక రైతు ఇంటికి బుడ్డలు రావడానికి పక్క రైతు చేను ఎండనవసరం లేదు. పోకర్ బల్ల మీద పుట్టేదేమీ లేదు. నూరుగురు తెచ్చిన లక్షా పదివేలల్లో పదివేలు బయటికి పోయి లక్ష మిగులుతుంది, అంతే. ఒకడి దీర్ఘకాలిక లాభం తొంభైతొమ్మిది మందిలో కొందరి దీర్ఘకాలిక నష్టంగా ఉండి తీరాలి. ఓడేవాళ్లు ఓడుతున్నామని గ్రహించి తప్పుకుంటే గెలిచేవాడి ఆధిక్యం కరిగిపోతుంది. వాళ్లు ఆట నేర్చుకున్నా అదే జరుగుతుంది: 2010 దశకం మధ్య నుంచి సరైన ఎత్తులను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులోకి వచ్చాక వృత్తి ఆటగాళ్ల మధ్య తేడా తగ్గుతూ వచ్చింది.

ఆట మూలధనం

నిపుణుడైనా చెడు దశలో చేతిలో సొమ్ము అయిపోతే అతనికి దీర్ఘకాలం అక్కడే ముగుస్తుంది. పై ఉదాహరణలో దివాలా తీసే అవకాశాన్ని అయిదు శాతానికి పరిమితం చేయాలంటే సుమారు 1,57,000 రూపాయలు, అంటే దాదాపు నూట నలభై మూడు ప్రవేశ రుసుములు, ఇంటి ఖర్చులకు ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. దాని మీద వారానికి రెండు పోటీల చొప్పున ఏడాదికి వచ్చే సగటు లాభం 15,600 రూపాయలు. పోటీకి ఆరు గంటలు వేసుకుంటే గంటకు పాతిక రూపాయలు. దీన్ని ఉపాధి హామీ కూలితో పోల్చి చూద్దాం. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. 2024–25లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం రోజు కూలి 300 రూపాయలు, నూరు రోజులకు 30,000. మూలధనం అక్కర్లేని మట్టిపని, లక్షన్నర మూలధనం కోరే నైపుణ్యపు ఆట కన్నా దాదాపు రెట్టింపు ఇచ్చిందన్న మాట. పెద్ద రుసుముల పోటీలాడితే లాభం పెరగదా అంటే పెరుగుతుంది, కానీ మూలధనం కూడా అదే నిష్పత్తిలో పెరగాలి, పెద్ద బల్లల దగ్గర కూర్చునేవాళ్లు గట్టివాళ్లు.

పన్నులు

1961 ఆదాయపు పన్ను చట్టం 115 బీబీ సెక్షన్ పేకాటతో సహా ఇలాంటి గెలుపుల మీద 30 శాతం పన్ను విధించింది, సర్‌చార్జి, సెస్సు అదనం. 58(4) సెక్షన్ ప్రకారం ఆ ఆదాయం కోసం పెట్టిన ఖర్చును అందులోంచి తీసివేయనివ్వరు. మన నిపుణుడు వెయ్యి పోటీల్లో 12,50,000 గెలిచి, 11,00,000 రుసుములు కట్టి, లక్షన్నర మిగుల్చుకున్నాడు. ఖర్చు తీసివేయకుండా 30 శాతమంటే పన్ను 3,75,000. బహుమతి వచ్చిన పోటీల రుసుమును మాత్రం మినహాయించారని ఉదారంగా అనుకున్నా మూడు లక్షలు దాటుతుంది. ఈ పద్ధతిలో నష్టం లేకుండా నిలవాలంటే సగటు ఆటగాడి కన్నా యాభై ఏడు శాతం మెరుగ్గా ఉండాలి. ఇంతటి ఆధిక్యం వేళ్ల మీద లెక్కపెట్టేవారికే ఉంటుంది.

ఆన్‌లైన్ ఆటలకు 2023 ఏప్రిల్ 1 నుంచి నికర గెలుపు మీద 30 శాతం అనే కొంత న్యాయమైన పద్ధతి వచ్చింది. కానీ ఒక ఏడాది నష్టాన్ని మరో ఏడాది లాభంలో సర్దుకునే వీలు దానిలోనూ లేదు. నాలుగేళ్లకోసారి పెద్ద బహుమతి వచ్చే ఆటలో ఇదే పెద్ద దెబ్బ. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఆటగాడు జమచేసే పూర్తి సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ మొదలైంది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం శ్రేణిలోకి వెళ్లింది.

చట్టం (చూ. రమ్మీ)

సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై నడిచిన కేసులో, స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణగా ప్రసిద్ధమైన తీర్పును సుప్రీంకోర్టు 1967 నవంబరులో ఇచ్చింది. రమ్మీలో ముక్కలను గుర్తుపెట్టుకోవడానికి, పట్టడానికి, వదలడానికి నైపుణ్యం కావాలి కాబట్టి అది మూడు ముక్కలాటలా కేవలం అదృష్టపు ఆట కాదని ఆ తీర్పు సారాంశం. అయితే ఆట మీద నిర్వాహకుడు లాభం తీసుకుంటుంటే నేరం కావచ్చనీ చెప్పింది. పోకర్ విషయంలో హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. కర్ణాటక హైకోర్టు 2013లో దాన్ని నైపుణ్యపు ఆటగా చూసింది, గుజరాత్ హైకోర్టు 2017లో జూదమంది. ఎన్‌హెచ్ 44 మీద అనంతపురానికి రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో క్లబ్బులు పెరగడం కర్ణాటక తీర్పు ఫలితం.

సొంత రాష్ట్రంలో పరిస్థితి వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సులతో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేల ఆటలను నిషేధించాయి. ఆంధ్ర సవరణలో నిర్వాహకులకే కాక ఆడేవారికీ ఆరు నెలల దాకా జైలు శిక్ష ఉంది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం మరో అడుగు వేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించి, నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఆడేవారిని శిక్షించదు. అర్ధ శతాబ్దంగా నైపుణ్యం చుట్టూ తిరిగిన వాదన, ఆన్‌లైన్ మేరకు, ఈ చట్టంతో పక్కకు జరిగింది. లాభసాధ్యత దృష్ట్యా చూస్తే ఇందులో కొంత హేతువుంది. ఆటలో నైపుణ్యం ఉందన్న తీర్పు, ఆడే మనిషికి ఆ నైపుణ్యం ఉందన్న ధ్రువపత్రం కాదు.

ఆక్షేపణలు, సమాధానాలు

ఇరవై ఏడేళ్ల లెక్క బల్ల ముందు కూర్చుని ఆడేవాడికే వర్తిస్తుందనీ, ఆన్‌లైన్‌లో ఒకేసారి పది బల్లల మీద ఆడి 2,800 పోటీలను ఏడాదిలో పూర్తిచేయవచ్చనీ ఒక ఆక్షేపణ. గణితంగా ఇది సరైనదే, ప్రపంచంలో నికరంగా లాభపడిన టోర్నమెంటు ఆటగాళ్లలో చాలామంది ఈ దారినే వచ్చారు. కానీ పది బల్లల మీద దృష్టి చెదిరితే పాతిక శాతం ఆధిక్యం నిలవదు, ఒకే రకం నిపుణులు ఒకే చోట పోగవుతారు. భారతదేశంలో ఈ దారి ఇప్పుడు చట్టబద్ధంగా లేదు. మిగిలిన దారి బెంగళూరో గోవానో వెళ్లడం. పోటీకి 150 రూపాయల సగటు లాభం అనంతపురం నుంచి రానుపోను బస్సు ఛార్జీలకే చాలదు.

టోర్నమెంటులో నష్టం ప్రవేశ రుసుముతోనే ఆగుతుంది కదా అన్నది రెండో మాట. ఒక్క పోటీకి అది నిజం. చాలా పోటీల్లో ఓడినవాడు మళ్లీ రుసుము కట్టి అదే పోటీలో చేరే వీలుంటుంది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలన్న సామెత ఇక్కడ ఖరీదైన సలహా అవుతుంది, ప్రతి మళ్లీ చేరికకూ కోత మళ్లీ పడుతుంది.

ఇతరుల పెట్టుబడితో ఆడి లాభం పంచుకునే పద్ధతి ఊగిసలాటను తగ్గిస్తుందన్నది మూడోది, కాస్త బలమైనది. నిజంగానే వృత్తి ఆటగాళ్లలో చాలామంది తమ రుసుములో వాటాలు అమ్ముతారు. కానీ సగం వాటా అమ్మినవాడి సగటు లాభమూ సగమే. పెట్టుబడిదారు వాటా కొనడానికి ముందు చూపించమనేది గత ఫలితాలనే, అవి ఎంత తక్కువ చెబుతాయో పైన చూశాం.

సేద్యం కూడా జూదమే అయినప్పుడు పోకర్‌ను వేరుగా చూడడమెందుకన్న ప్రశ్న ఈ ప్రాంతంలో సహజం. దానికి జవాబు వర్షాధార బీమాలో దొరుకుతుంది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి మొదలుపెట్టి, తర్వాత అనంతపురానికీ తెచ్చిన వర్షసూచిక బీమా రాబడి ఆకారం కూడా టోర్నమెంటు లాంటిదే. ప్రీమియం ప్రతి ఏడాదీ కట్టాలి, చాలా ఏళ్లు ఏమీ రాదు, కంపెనీ తన ఖర్చులను ప్రీమియంలోనే వేసుకుంటుంది కాబట్టి సగటున కొన్నవాడికి కొంత నష్టం. తేడా సొమ్ము వచ్చే ఏడాదిలో ఉంది. బీమా చెల్లింపు మండల కేంద్రంలోని వర్షమాపకం తక్కువ చూపిన సీజన్‌లోనే, అంటే చేను ఎండి ఇంట్లో డబ్బు లేనప్పుడే వస్తుంది. టోర్నమెంటు బహుమతికి వర్షమాపకంతో పని లేదు. ఎండిన ఏడాది ప్రవేశ రుసుము మాత్రం అదే ఇంటి నుంచి పోతుంది.